ఐదు ముక్కల లెక్క: పోకర్‌లో ఏ చేయి ఎందుకు పెద్దది

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది మామూలు పేక కట్ట. జోకర్లను తీసి పక్కన పెట్టాను. వాటితో చివర్లో పని ఉంది. మిగిలినవి 52 ముక్కలు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అని నాలుగు జాతులు. ఒక్కో జాతిలో రెండు నుంచి పది వరకు అంకెలు, వాటి పైన జాకీ, రాణి, రాజు, ఆసు, మొత్తం పదమూడు. ఈ సాయంత్రానికి ఈ సరంజామా చాలు, డబ్బు అక్కరలేదు. పందెం ఎప్పుడు పెంచాలో, ఎదుటివారి ముఖం ఎలా చదవాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటి ఉంది. పోకర్‌లో ఇద్దరు ఆటగాళ్లు ముక్కలు తిప్పి బల్ల మీద పరిచినప్పుడు ఎవరి చేయి, అంటే ఎవరి ఐదు ముక్కల కూర్పు, పెద్దది? ఎందుకు పెద్దది?

ఆ రెండో ప్రశ్న కోసమే మీ ముందుకు వచ్చాను. ఆట నేర్పేవాళ్లు మొదట ఒక పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. కొన్నేళ్ల తర్వాత, సంభావ్యత పాఠం చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి అడిగింది: "ఐదు అంకెలు వరుసగా కుదరడం కష్టం కదండీ, ఒకే జాతివి ఐదు రావడంలో ఏముంది? మరి వరుసకంటే ఒకే జాతికి ఎక్కువ విలువ ఎందుకు ఇచ్చారు?" ఆ రాత్రి కాగితం ముందేసుకుని కూర్చున్నాను. తెల్లవారేసరికి పట్టిక నాకు మరోలా కనిపించింది. ఎవరో ఇష్టం వచ్చినట్టు పేర్చిన జాబితా కాదది. దాని వెనుక ఉన్నది ఒకే నియమం: ఎంత అరుదుగా వస్తే అంత పెద్దది. ఈ ఒక్క మాట పట్టుకుంటే పట్టికను మీరే తిరిగి రాసుకోవచ్చు. ఆ నియమం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ తడబడుతుందో చూడటం నాకు ఎన్నేళ్లైనా విసుగు పుట్టించని పని.

ముందుగా పేర్లు చెప్పుకుందాం, పైనుంచి కిందికి. ఒకే జాతిలో పది, జాకీ, రాణి, రాజు, ఆసు కలిస్తే రాయల్ ఫ్లష్. ఒకే జాతిలో ఏ ఐదు వరుసగా ఉన్నా స్ట్రెయిట్ ఫ్లష్. ఒకే అంకెవి నాలుగూ ఉంటే ఫోర్ ఆఫ్ ఎ కైండ్. మూడు ఒక అంకెవి, రెండు మరో అంకెవి అయితే ఫుల్ హౌస్. ఐదూ ఒకే జాతివైతే ఫ్లష్, ఐదూ వరుసగా ఉంటే స్ట్రెయిట్. ఒకే అంకెవి మూడు ఉంటే త్రీ ఆఫ్ ఎ కైండ్. మాట పొడవు తగ్గించుకోవడానికి దీన్ని నేను త్రయం అంటాను, నాలుగు ఉన్నదాన్ని చతుష్టయం అంటాను. దాని కింద రెండు జతలు, ఒక జత, చివరికి ఏమీ కుదరని చేయి. ఏమీ కుదరనప్పుడు ఉన్నవాటిలో పెద్ద ముక్కే దిక్కు కాబట్టి దాన్ని హై కార్డ్ అంటారు.

ఇప్పుడు లెక్క. 52 ముక్కల్లోంచి ఐదు తీయడానికి ఎన్ని విధాలున్నాయి? మొదటి ముక్క 52 రకాలుగా రావచ్చు, రెండోది 51 రకాలుగా, అలా 48 వరకు. వాటిని గుణించాలి. కానీ ఏది ముందు వచ్చింది, ఏది వెనుక వచ్చింది అన్నది మనకు పట్టదు. ఐదు ముక్కల్ని తారుమారు చేసే విధాలు 120 కాబట్టి ఆ 120తో భాగించాలి. వచ్చేది 25,98,960. ఇవాళ మనం వాడే ప్రతి సంఖ్యా ఇందులో ఒక వాటా.

ఆ వాటాల్లో సింహభాగం అట్టడుగు రెండు మెట్లదే. ఏమీ కుదరనివి 13,02,540, ఒక్క జత ఉన్నవి 10,98,240. రెండూ కలిపితే నూటికి 92 పైన. కొత్తగా ఆడేవారు తమకు మంచి చేతులు రావడం లేదని దిగులు పడుతుంటారు. పంచిన ఐదు ముక్కల్లో ఏమీ లేకపోవడం సగానికి పైగా సార్లు జరిగే సంగతి. ఎవరికైనా అంతే.

జతల దగ్గర ఒక సందేహం తరచూ వస్తుంది. రెండు జతల్లో నాలుగు ముక్కలు పనికొస్తున్నాయి, త్రయంలో మూడే. అలాంటప్పుడు త్రయం ఎలా పెద్దదవుతుంది? లెక్క చూడండి. ఒక అంకె నాలుగు జాతుల్లో ఉంటుంది. ఆ నాలుగింటిలోంచి రెండు తీయడానికి ఆరు విధాలు, మూడు తీయడానికి నాలుగే. రెండు జతలకు అంకెల్ని ఎంచుకునే విధాలు 78. ఒక్కో జతకు ఆరేసి చొప్పున ఆరును ఆరుతో గుణించాలి. ఐదో ముక్కకు మిగిలినవి 44. అన్నీ గుణిస్తే 1,23,552. త్రయానికి అంకె పదమూడింటిలో ఒకటి, దానికి నాలుగు విధాలు. మిగిలిన రెండు ముక్కలకు అంకెల ఎంపికలు 66, జాతుల ఎంపికలు 16. గుణిస్తే 54,912. సగం కంటే తక్కువ. పనికొచ్చే ముక్కలు ఎన్ని అన్నది ప్రశ్నే కాదు. అలాంటి చేయి ఎన్నిసార్లు వస్తుందన్నదే ప్రశ్న.

ఇక ఆ విద్యార్థిని అడిగిన ప్రశ్నకు వద్దాం. ఇక్కడ నిదానంగా నడుద్దాం, ఎందుకంటే మొత్తం పట్టికలో నాకు అత్యంత అందంగా తోచే భాగం ఇదే.

ఐదు ముక్కల్లో ఏ రెండు అంకెలూ కలవని చేతుల్ని మాత్రమే తీసుకుందాం. జతలు, త్రయాలు అన్నీ పక్కన పెట్టేశాం. అలాంటి చేతిని తయారు చేయాలంటే రెండు నిర్ణయాలు కావాలి. మొదటిది, పదమూడు అంకెల్లో ఏ ఐదు? దానికి 1,287 విధాలున్నాయి. రెండోది, ఆ ఐదు అంకెల్లో ఏది ఏ జాతిది? ఒక్కోదానికి నాలుగు చొప్పున, నాలుగును ఐదుసార్లు గుణిస్తే 1,024.

ఇప్పుడు నల్లబల్ల మీద నాలుగు గదుల పెట్టె గీస్తున్నాను. అంకెల విషయంలో రెండే సంగతులు: వరుసగా ఉన్నాయా, లేవా? 1,287లో వరుసగా ఉండేవి పదే. ఆసుతో మొదలై ఐదుతో ముగిసేది ఒకటి, రెండుతో మొదలయ్యేది ఒకటి, అలా పదితో మొదలై ఆసుతో ముగిసేదాకా. మిగిలిన 1,277 వరుసలో లేనివి. జాతుల విషయంలోనూ రెండే సంగతులు: ఐదూ ఒకటేనా, కాదా? 1,024లో ఒకటే అయ్యేవి నాలుగు, కానివి 1,020.

ఇక గదులు నింపడమే. వరుసగా ఉండి జాతి కలవనివి పది గుణించు 1,020, అంటే 10,200. ఇవి స్ట్రెయిట్లు. వరుసలో లేకుండా జాతి కలిసినవి 1,277 గుణించు నాలుగు, అంటే 5,108. ఇవి ఫ్లష్‌లు. రెండూ కుదిరినవి పది గుణించు నాలుగు, 40. అవి స్ట్రెయిట్ ఫ్లష్‌లు. రెండూ కుదరనివి 1,277 గుణించు 1,020, అంటే 13,02,540. ఇందాక అట్టడుగు మెట్టుకు చెప్పిన సంఖ్య ఇదే. నాలుగు మెట్లు ఒకే పెట్టెలోంచి పుట్టాయి.

సమాధానం కూడా ఈ పెట్టెలోనే ఉంది. అంకెలు వరుసగా కుదరడం సుమారు 129లో ఒకసారి. జాతులన్నీ కలవడం 256లో ఒకసారి. జాతి కలవడం దాదాపు రెండింతలు కష్టం. మనకు అలా అనిపించకపోవడానికి కారణం ఉంది. వరుసను చూడాలంటే ముక్కల్ని పేర్చి, అంకెలు చదివి, లెక్కపెట్టాలి. శ్రమ పడ్డాం కాబట్టి అరుదైనదని మనసు నమ్ముతుంది. ఒకే జాతివి ఐదు ఉంటే ఒక్క చూపులో తెలిసిపోతుంది, అందుకే తేలికైనదనిపిస్తుంది. గుర్తుపట్టడంలోని కష్టం వేరు, రావడంలోని కష్టం వేరు. వరుసకు ఏ జాతి ముక్కైనా సరిపోతుంది. ఎనిమిది కావాలంటే నాలుగు ఎనిమిదుల్లో ఏదైనా పనికొస్తుంది. ఆ వెసులుబాటే దాని సంఖ్యను పెంచుతుంది.

పై మెట్ల మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ఫుల్ హౌస్‌లో త్రయానికి పదమూడు అంకెలు, నాలుగు విధాలు, జతకు పన్నెండు అంకెలు, ఆరు విధాలు. మొత్తం 3,744. ఫ్లష్‌ల 5,108 కంటే తక్కువ కాబట్టి పైమెట్టు. చతుష్టయాలు 624. అంకె పదమూడింటిలో ఒకటి, తోడు ముక్క 48లో ఒకటి, అంతే లెక్క. స్ట్రెయిట్ ఫ్లష్‌లు 40 అని చూశాం. వాటిలో ఆసుతో ముగిసే నాలుగింటికి రాయల్ ఫ్లష్ అని గొప్ప పేరు పెట్టారు. 6,49,740 సార్లు పంచితే సగటున ఒకసారి వచ్చే చేయి. నన్నడిగితే దానికి వేరే మెట్టు అక్కరలేదు. అన్నింటికంటే పెద్ద స్ట్రెయిట్ ఫ్లష్ అది, ప్రత్యేకంగా మరో నియమం ఏదీ లేదు. కానీ పేరు అందమైనది, ఉండనిద్దాం.

ఈ పట్టిక ఒక్కరోజులో పుట్టలేదు. పందొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో అమెరికాలో, మిసిసిపీ నది మీద తిరిగే ఆవిరి పడవల్లో ఆడిన తొలినాటి పోకర్‌కు 20 ముక్కలే: ఆసులు, రాజులు, రాణులు, జాకీలు, పదులు. నలుగురు కూర్చుంటే ఐదేసి పంచగానే కట్ట ఖాళీ. ఆ కట్టకు మన పెట్టె గీసి చూడండి. ఉన్నవే ఐదు అంకెలు కాబట్టి ఐదూ వేర్వేరుగా వస్తే అవి తప్పనిసరిగా వరుసే. అంటే ఈనాడు స్ట్రెయిట్ అని మురిసిపోయే చేయి, ఆ రోజుల్లో ఏమీ కుదరని చేయి! ఇంకో విచిత్రం, ఆ కట్టలో మొత్తం చేతులు 15,504. అందులో ఒక్క జత ఉన్నవి 7,680, ఏమీ కుదరనివి 1,024. ఏమీ లేకపోవడమే అరుదు. ఆ ఆటలో నాలుగు ఆసులు పట్టినవారికి ఓటమి లేదు. నాలుగు రాజులతో ఒక ఆసు పట్టినా అంతే, ఎందుకంటే నాలుగు ఆసులు మరొకరి దగ్గర ఉండే వీలు లేదు. 52 ముక్కల కట్ట వచ్చాక ఫ్లష్‌కు, స్ట్రెయిట్‌కు చోటు దొరికింది. స్ట్రెయిట్ ఫ్లష్ వచ్చాక నాలుగు ఆసులకు కూడా పైన ఒకటి ఏర్పడింది. ఆట భయం భయంగా, అందంగా మారింది అక్కడే అని నా నమ్మకం.

మెట్టు ఒకటే అయినప్పుడు ఏం చేయాలి? బల్ల దగ్గర తగవులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. రెండు జతలతో ఇద్దరు తలపడితే ముందు పెద్ద జతను చూడాలి. ఆసుల జత, రెండ్ల జత పట్టినవారు, రాజుల జత, రాణుల జత పట్టినవారిని గెలుస్తారు. రెండు జతల విలువల్నీ కూడి పోల్చడం తప్పు. ఫుల్ హౌస్‌లో త్రయమే నిర్ణయిస్తుంది. మూడు మూడ్లు, రెండు రెండ్లు ఉన్న చేయి, మూడు రెండ్లు, రెండు ఆసులు ఉన్న చేతిని ఓడిస్తుంది. ఫ్లష్‌లో పెద్ద ముక్కతో మొదలుపెట్టి ఒక్కొక్కటే దిగాలి. ఆసు, తొమ్మిది, ఐదు, నాలుగు, రెండు ఉన్న ఫ్లష్ ముందు రాజు, రాణి, జాకీ, పది, ఎనిమిది ఉన్న ఫ్లష్ ఎంత నిండుగా కనిపించినా ఓడుతుంది. జతలు సమానమైతే తోడుగా మిగిలిన ముక్కలు చూస్తారు. వాటికి కిక్కర్ అని పేరు.

స్ట్రెయిట్‌లో ఆసు రెండు చివర్లా పని చేస్తుంది, మధ్యలో పని చేయదు. రాణి, రాజు, ఆసు, రెండు, మూడు స్ట్రెయిట్ కాదు. అలా గుండ్రంగా తిరగనిస్తే మనం లెక్కించిన పది వరుసలు పదమూడు అవుతాయి. ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు స్ట్రెయిటే, కానీ అన్నింటిలో చిన్నది. అందులో ఆసు విలువ ఒకటే. రెండుతో మొదలై ఆరుతో ముగిసే స్ట్రెయిట్ దాన్ని గెలుస్తుంది.

ముందు వరుసలోంచి ఒక ప్రశ్న వచ్చింది: ఐదు ముక్కలూ సమానమైతే ఇస్పేటు పెద్దదా, ఆఠీను పెద్దదా అని. మంచి ప్రశ్న. ప్రామాణిక పోకర్‌లో చేతులు పోల్చేటప్పుడు జాతులన్నీ సమానం. పందెం సొమ్ము పంచుకుంటారు. ఇది కూడా మన నియమం నుంచే వస్తుంది. ప్రతి జాతిలోనూ పదమూడే ముక్కలున్నాయి కాబట్టి ఇస్పేటు ఫ్లష్‌లు ఎన్నో, డైమను ఫ్లష్‌లూ అన్నే. అరుదుదనంలో తేడా లేనప్పుడు విలువలో తేడా చూపడానికి ఆధారం లేదు.

ఇంతవరకు ఐదు ముక్కలే పంచాం. ఇవాళ ఎక్కువమంది ఆడే టెక్సస్ హోల్డెమ్‌లో చేతిలో రెండు, బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా ఐదు. ఆ ఏడింటిలోంచి మంచి ఐదు తీసుకోవాలి. ఆరోదీ ఏడోదీ లేనట్టే. బల్ల మీద రెండు ఆసులు, రెండు రాజులు, ఒక రాణి పడ్డాయనుకోండి. మీ చేతిలో జాకీల జత ఉంది, ఎదుటివారి చేతిలో మూడు, రెండు ఉన్నాయి. మీ మూడో జతకు చోటు లేదు. ఇద్దరి చేయీ ఒకటే: ఆసులు, రాజులు, రాణి. సొమ్ము సమానంగా పంచుకోవలసిందే. జాకీల జత పట్టుకున్నవారికి ఇది అన్యాయంగా తోస్తుంది, కానీ చేయి అంటే ఐదు ముక్కలే.

52 ముక్కల కట్టలో మన నియమం మొదటిసారి తడబడేది ఈ ఏడు ముక్కల దగ్గరే. 52లోంచి ఏడు తీసే విధాలు 13,37,84,560. వాటిలో త్రయం నుంచి పైమెట్లన్నీ పాత వరుసలోనే ఉంటాయి. కింద మాత్రం తలకిందులవుతుంది. ఒక జతతో ఆగిపోయేవి 5,86,27,800. రెండు జతలు 3,14,33,400. ఏమీ కుదరనివి 2,32,94,460. అంటే ఏమీ కుదరకపోవడం ఒక జత కంటే, రెండు జతల కంటే కూడా అరుదు! నియమాన్ని అక్షరాలా పాటిస్తే ఏమీ లేని చేయి రెండు జతల్ని ఓడించాలి.

అలా మార్చి చూద్దాం, ఏమవుతుందో. ఒక జత ఉన్నవారి ఏడు ముక్కల్లో ఆరు వేర్వేరు అంకెలుంటాయి. జతలో ఒక ముక్కను వదిలేసి, ఐదు వేర్వేరు అంకెలు ఎంచుకుని "నా దగ్గరా ఏమీ లేదు" అంటారు. రెండు జతలు ఉన్నవారిలోనూ చాలామంది ఆ పని చేయగలరు. దాంతో ఏమీ లేని చేతులు కోట్ల కొద్దీ పెరిగి, అరుదుదనం మాయమవుతుంది. ఏడింటిలోంచి ఐదు ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నచోట, విలువ మారిస్తే ఎంపిక మారుతుంది, ఎంపిక మారితే లెక్క మారుతుంది. ఐదు ముక్కల పట్టికనే ఏడు ముక్కల ఆటకూ ఉంచేశారు. సరైన పనే చేశారు.

కట్టను చిన్నది చేసినప్పుడు మాత్రం పట్టికను మార్చక తప్పలేదు. రెండు నుంచి ఐదు వరకు తీసేసి 36 ముక్కలతో ఆడే షార్ట్ డెక్ ఆట ఉంది. ఆసు పక్కన ఆరును ఉంచి చిన్న వరుస కట్టుకోనిస్తారు. మన పెట్టె మళ్లీ గీయండి. తొమ్మిది అంకెల్లో ఐదు ఎంచుకోవడానికి 126 విధాలు, వరుసలు ఆరు. ఫ్లష్‌లు 120 గుణించు నాలుగు, అంటే 480. ఫుల్ హౌస్‌లు తొమ్మిది, నాలుగు, ఎనిమిది, ఆరుల గుణకం, అంటే 1,728. ఒక్కో జాతిలో తొమ్మిదే ముక్కలు మిగిలాయి కాబట్టి ఫ్లష్ బాగా అరుదైపోయింది. అందుకే ఆ ఆటలో ఫ్లష్ ఫుల్ హౌస్‌ను గెలుస్తుంది. పాత పట్టికను బట్టీ పట్టినవారికి ఇది వింతగా ఉంటుంది. లెక్క తెలిసినవారికి వింతేమీ కాదు.

ఇప్పుడు పక్కన పెట్టిన జోకర్లలో ఒకదాన్ని కట్టలో కలుపుతున్నాను. దీన్ని ఏ ముక్కగానైనా వాడుకోవచ్చు. ఒక జత, రెండు విడి ముక్కలు, ఒక జోకరు వచ్చాయనుకోండి. జోకరును జతతో కలిపి త్రయం చేసుకుంటారు, ఎందుకంటే త్రయం పెద్దది. అలాంటి చేతులు 82,368. పాత త్రయాలు 54,912తో కలిపితే 1,37,280. రెండు జతలు మాత్రం పెరగవు, 1,23,552 దగ్గరే ఉంటాయి. జత, జోకరు ఉన్నవారెవరూ రెండు జతలకు సరిపెట్టుకోరు కదా. ఇప్పుడు త్రయం కంటే రెండు జతలే అరుదు.

సరే, రెండు జతల్ని పైకి ఎక్కిద్దాం. ఎక్కించిన మరుక్షణం ఆ 82,368 మందీ జోకరును విడి ముక్కతో కలిపి రెండు జతలు చేసుకుంటారు. రెండు జతలు 2,05,920 అవుతాయి, త్రయాలు మళ్లీ 54,912కి పడిపోతాయి. త్రయాన్ని పైన పెడితే రెండు జతలు అరుదవుతాయి, రెండు జతల్ని పైన పెడితే త్రయం అరుదవుతుంది. ఏ వరుస రాసినా తప్పే. ఇది నేను మొదటిసారి లెక్కేసినప్పుడు గుణకారం ఎక్కడో తప్పిందనుకుని మూడుసార్లు తిరిగి చేశాను. తప్పు లేదు. జోకరు ఏ ముక్కకైనా బదులు పలుకుతున్నంత కాలం ఈ రెండు మెట్లనూ అరుదుదనం ప్రకారం పేర్చడం అసాధ్యం.

ఆటగాళ్లు వాడే కట్టుబాటు ఒకటి దీనికి విరుగుడుగా పనిచేస్తుంది, దానికి బగ్ అని పేరు. జోకరును ఆసుగా వాడుకోవచ్చు, లేదా స్ట్రెయిట్‌నో ఫ్లష్‌నో పూర్తి చేయడానికి వాడుకోవచ్చు. మరి దేనికీ వాడకూడదు. అప్పుడు ఎనిమిదుల జతకు జోకరు తోడైనా మూడు ఎనిమిదులు కావు. ఎనిమిదుల జత, పక్కన ఒక ఆసు, అంతే. ఆ కట్టుబాటుతో లెక్కేస్తే త్రయాలు 63,360, రెండు జతలు 1,38,600. పాత వరుస తిరిగి నిలబడింది. నల్లబల్ల మీద ఖాళీ ఉంది, సుద్దముక్కలూ ఉన్నాయి. ఆ రెండు సంఖ్యలు ఎలా వచ్చాయో ఇక్కడికి వచ్చి గుణించి చూడాలనుకునేవారు రావచ్చు. జోకరు ఉన్న చేతుల్ని, లేని చేతుల్ని వేరు చేసి మొదలుపెట్టండి.